ఆలస్యం వీరిది కాదు

మా వదినకి కోపం రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. నాకైతే తొమ్మిది నిమిషాలే ఎక్కువ. అందుకే ఈ కథ ఆవిడ కంటే నేను చెప్పడమే నయం. ఆవిడ చెబితే మధ్యమధ్యలో అందరినీ వెనకేసుకొస్తుంది. నాకు ఆ జబ్బు లేదు.

ముందు నా సంగతి ఒక్క ముక్క. నేను ఆ ఇంటి ఆడపడుచుని. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదా, ఆ లెక్కన మా వదినకి ఒకటిన్నర మొగుళ్ళు. అందులో ఆ సగమే కాస్త పనికొచ్చే రకం. వీధి మలుపులో నాకో జిరాక్స్ షాపు ఉంది. షాపు ముందు రోడ్డు దాటితే ఏడంతస్తుల భవనం. దాని పై అంతస్తులో, కాల్‌సెంటర్లో, మా వదిన తొమ్మిదేళ్ళు పనిచేసింది.

బట్టలుతికే మెషీన్లూ ఫ్రిజ్‌లూ చెడిపోయినవాళ్ళు ఫోన్ చేసి తిడతారు. ఆ తిట్లు వినడం ఆవిడ పని. విని, క్షమించమని అడిగి, ఇరవై నాలుగు గంటల్లో సమస్య పరిష్కరిస్తామని చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని మర్యాదగా ఆరా తీయాలి. ఇరవై నాలుగు గంటల తర్వాత ఏమవుతుందో అక్కడ ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఆ మాట ఫోన్ ముగించడానికి పనికొస్తుంది, అంతే. అదీ అవతలివాళ్ళు ముగిస్తేనే. ఇవతలివాళ్ళు ముందు ఫోన్ పెట్టెయ్యడం అక్కడ మహాపాపం. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే చెయ్యెత్తాలి. ఏడు నిమిషాలు ఇస్తారు. ఎనిమిదో నిమిషంలో బల్ల మీది తెర ఎర్రబడుతుంది. ఇవన్నీ చూసే టీమ్ లీడర్ని అందరూ గడియారం అని పిలిచేవారు. ఆ మనిషి చేతికి వాచీ పెట్టుకునేవాడు కాదు, ఆయనకి అక్కర్లేదు.

ఆ అలవాట్లు ఇంటికి కూడా వచ్చాయి. మా అమ్మ మోకాలు నొప్పని మూలిగితే వదిన వంటింట్లోంచి, “మీ ఇబ్బందిని అర్థం చేసుకోగలను అత్తయ్యా, ఇరవై నాలుగు గంటల్లో చూద్దాం” అనేది, తాను ఏమన్నదో తనకే తెలియకుండా.

“ఇంకాసేపుంటే ఈ పిల్ల నా మోకాలికి ఫిర్యాదు నంబరు ఇచ్చేట్టుంది” అనేది అమ్మ.

మా పిన్ని ఫోన్ చేసి గంటన్నర వాగినా వదిన ఫోన్ పెట్టేది కాదు. పెట్టడం చేతకాదు. పిన్నికి నోరు నొప్పి పుట్టినప్పుడే మాకు అన్నం దొరికేది.

ఆ భవనానికి రెండు లిఫ్టులు. ముందువైపుది అద్దాలది, ఆఫీసర్లకి. కార్డు గీకితేనే తలుపు తీసుకుంటుంది. వెనకవైపు, సైకిల్ స్టాండ్ పక్కన ఇంకోటి, మిగిలిన అందరికీ. అది ఎక్కేటప్పుడు మూలిగేది, దిగేటప్పుడు దగ్గేది. ఒకరోజు పొద్దున నాలుగో అంతస్తు దాటి, అయిదో అంతస్తు అందకుండా ఆగిపోయింది. లోపల అయిదుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయికి మూడో నెల. ఆ పిల్ల ఏడుపు అందుకుంది. ఇంకొకామె తలుపులు బాదడం మొదలుపెట్టింది. మా వదిన లోపల గోడ మీద రాసి ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. ఆ లిఫ్టుల మరమ్మతు చూసే షాపు యజమానే, ఒక పెద్దాయన, ఫోన్ తీశాడు.

“నాలుగు దాటింది సార్, అయిదు రాలేదు. ముందు ఒక కుదుపు. తర్వాత ఎడమపక్క గీరుకున్న చప్పుడు. లోపల అయిదుగురం, ఒకమ్మాయి గర్భిణి. ఫ్యాను తిరుగుతోంది, లైటు ఉంది.”

“తలుపుకేసి చూస్తూ నిలబడితే ఎడమా?”

“అవునండీ.”

నలభై మూడు నిమిషాలకి వాళ్ళని బయటికి తీశారు. పెద్దాయన తనే వచ్చాడు. “ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నానమ్మా” అన్నాడు. “ఇరుక్కున్నవాళ్ళు నన్ను తిడతారు, లేదంటే దేవుణ్ణి పిలుస్తారు. చప్పుడు ఏ పక్కనుంచి వచ్చిందో చెప్పినదానివి నువ్వొక్కదానివే. నా ఆఫీసు చూసుకునే మనిషి కోసం ఏడాదిగా వెతుకుతున్నా. ఆలోచించుకో.” ఆయనిచ్చిన కార్డు మీద గ్రీజు వేలిముద్ర పడింది.

మిగతా మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి గడియారం కాగితాలు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. నలభై మూడు నిమిషాలు ఆలస్యం. ‘జరిగిన ఆలస్యానికి క్షమించవలసిందిగా కోరుతున్నాను. ఇకమీదట ఇలాంటిది జరగకుండా జాగ్రత్త పడతాను.’ కింద సంతకం పెట్టాలి. అయిదుగురూ పెట్టారు.

ఆ సాయంత్రం వదిన మాకు దీన్ని తమాషాగానే చెప్పింది. “ఇకనుంచి లిఫ్ట్ ఆగిపోకుండా నేను జాగ్రత్త పడాలట అత్తయ్యా!” అని నవ్వింది. అమ్మా నవ్వింది. అన్నయ్యా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ వదిన మధ్యలో ఆగిపోయింది.

“ఎందుకు పెట్టావ్ సంతకం?” అని నేను లేచాను. “చింపి మొహాన కొట్టలేకపోయావా?”

“అందరికంటే ముందు నేనే పెట్టాను” అంది. “అక్కడ నేను సీనియర్ని. నేను పెట్టాను కాబట్టి ఆ మూడో నెల పిల్ల కూడా పెట్టింది. నా మొహం చూసి పెట్టింది.”

నా కోపం ఎవరిమీదికి తిప్పాలో నాకు తెలియలేదు. వదిన లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది. ఆ కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఆ కార్డు నెల రోజులు అద్దం చట్రంలో దోపి ఉంది. నెల తర్వాత వదిన నోరు విప్పింది. లిఫ్టుల షాపుకి వెళతానంది. ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా అన్నయ్య మంచివాడే, కాకపోతే పుట్టినప్పటినుంచీ గోడమీద పిల్లి.

“తొమ్మిదేళ్ళ సర్వీసు” అన్నాడు. “ఆ ముసలాయన దగ్గర ఏముందని? టైర్ల షాపు పక్కన ఒక గది. అక్కడ తేడా వస్తే ఉన్నది కాస్తా ఊడుతుంది.”

“దూరపు కొండలు నునుపు తల్లీ” అంది అమ్మ.

“దగ్గర కొండ మీద తొమ్మిదేళ్ళు దొర్లింది కదమ్మా” అన్నాను నేను. “ఒళ్ళంతా గీసుకుపోయింది. ఇక దూరపుది కూడా చూడనీ.”

పెద్దాయన మొదటి మూడు నెలలు పరీక్ష అన్నాడు. పని నచ్చితే పక్కా చేస్తాడు, లేకపోతే దండం పెట్టి పంపుతాడు. అన్నయ్య ఆ మూడు నెలల్ని గట్టిగా పట్టుకున్నాడు. అక్కడ పక్కా కాకపోతే మారు మాట్లాడకుండా పాత ఉద్యోగానికి వెళ్ళాలన్నాడు. వదిన సరేనంది. చివరి రోజు గడియారం ఏమన్నాడో తెలుసా? “మూడు నెలల్లో ఇక్కడే ఉంటావు. నీ కుర్చీ ఎవరికీ ఇవ్వను, రోజూ తుడిపించి ఉంచుతా” అన్నాడు. వదిన ఆ మాట ఇంట్లో ఒక్కసారే చెప్పింది. నేను మాత్రం మర్చిపోలేదు.

కొత్త చోట ఒక గది, ఒక ఫోను, తాళంచెవుల బోర్డు, గోడ మీద యాభై రెండు లిఫ్టుల పట్టిక. ఆరుగురు మెకానిక్‌లు. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో, ఏది ముందో ఏది వెనకో, ఏ లిఫ్ట్ నడవాలో ఏది ఆపాలో, అన్నీ వదినే చూసుకోవాలి. ఇలా చెప్పు అని రాసిచ్చే కాగితం లేదు. ఆ లేకపోవడంతోటే ఆవిడకి మొదటి వారం చెమటలు పట్టాయి.

రెండో రోజు ఆవిడ చెయ్యెత్తింది. పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి చూశాడు. “ఏమైందమ్మా, పైకప్పు కారుతోందా?”

“బాత్రూమ్‌కి వెళ్ళొస్తాను సార్.”

ఆయనకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. “దానికి నేనేం చెయ్యాలి? తోడు రావాలా?”

ఆ మాట చెప్పుకుని ఇంట్లో మేం వారం రోజులు నవ్వుకున్నాం. వదిన కూడా నవ్వింది, ఈసారి చివరిదాకా. మెల్లమెల్లగా ఆవిడ నేర్చుకుంది. మెకానిక్‌లలో పెద్దవాడు స్పానర్ బాబాయ్ ఆవిడని మేడల మీది మెషీన్ గదులకి తీసుకెళ్ళి చూపించాడు. ఇనుప తాడు బాగుందో లేదో చూడాలంటే గుడ్డతో పట్టి నిమరాలి. పోగులు తెగి ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. వదిన ఇంటికొచ్చి ఈ సంగతి మా అమ్మకి నగ కొన్నంత సంబరంగా చెప్పేది. అమ్మ మోకాలు పట్టుకుని వింటూ, “నా మోకాలికి కూడా ఆ గుడ్డ పెట్టి చూడవే” అనేది.

మూడో నెల ఆఖరి వారం. సోమవారం పొద్దున స్పానర్ బాబాయ్ ఏడంతస్తుల భవనంనుంచి ఫోన్ చేశాడు. “అమ్మాయ్, వెనక లిఫ్ట్ తాడుకి గుడ్డ అంటుకుపోతోంది. ఒక చోట కాదు, మూడు చోట్ల. పెద్దాయన్ని అడిగి చెప్పు, ఏం చెయ్యమంటాడో.”

పెద్దాయన ఎదురుగానే ఉన్నాడు, పేపరు చదువుతూ. వదిన ఆయన వైపు చూసింది. ఆయన పేపరు దించలేదు.

“ఆపెయ్యండి బాబాయ్” అంది వదిన.

పది నిమిషాల్లో ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి గడియారం. ఒక్కసారి ఆ గొంతు వినేసరికి మా వదినకి మూడు నెలలు ఎటో ఎగిరిపోయాయి. వీపు నిటారుగా అయింది, గొంతు తీపెక్కింది. “మీకు కలిగిన అసౌకర్యానికి క్షమించండి. ఇరవై నాలుగు గంటల్లో మీ సమస్య పరిష్కరిస్తాం. ఇంకేమైనా సహాయం కావాలా?”

గడియారం నవ్వాడు. “పాఠం బాగా గుర్తుంది నీకు. సరే, ఇరవై నాలుగు గంటలు. మా ఫోన్లన్నీ రికార్డవుతాయని నీకు చెప్పక్కర్లేదుగా” అని పెట్టేశాడు.

అప్పుడు గానీ తానేం అన్నదో వదినకి వినపడలేదు. కొత్త తాడు వేరే ఊరినుంచి రావాలి. అది వచ్చి బిగించేసరికి శుక్రవారం. కాల్‌సెంటర్లో ఆ మాటకి అర్థం లేదు, ఎవరూ లెక్క చూడరు. ఇక్కడ ఆ మాట నిలబెట్టాలంటే ఒక మనిషి మెషీన్ గదిలోకి ఎక్కాలి.

“ఎందుకన్నావమ్మా ఆ మాట?” అన్నాడు స్పానర్ బాబాయ్, తిరిగొచ్చి. కోపంగా అనలేదు. గుడ్డకి అంటిన ఇనుప పీచు వేళ్ళతో తీస్తూ అన్నాడు. “నేను తెగిన చోట క్లాంపు బిగించి ఇస్తా. రెండ్రోజులు నడుస్తుంది. నడవకపోతే...”

మంగళవారం పొద్దున గడియారం నేరుగా పెద్దాయనకి ఫోన్ చేశాడు. సాయంత్రానికి లిఫ్ట్ కదలకపోతే తమ కంపెనీ భవనాలన్నిటి పనీ వేరేవాళ్ళకి ఇప్పిస్తానన్నాడు. రికార్డు వినిపిస్తానన్నాడు. పెద్దాయన విని ఫోన్ పెట్టి, వదిన ముందు కుర్చీలో కూర్చున్నాడు.

“నేను చెప్పేది ఒకటే అమ్మా. మాట ఇచ్చింది నువ్వు, లిఫ్ట్ ఆపింది నువ్వు. రెంట్లో ఏది నిలబెడతావో నువ్వే చూసుకో. అన్నీ నన్నడిగి చేసే మనిషే కావాలంటే నాకు నువ్వెందుకు? శుక్రవారంతో నీ మూడు నెలలూ అయిపోతాయి. అప్పుడు మాట్లాడుకుందాం.”

మధ్యాహ్నం వదిన మా షాపుకి వచ్చింది. అన్నయ్య అప్పటికే అక్కడున్నాడు, ఏదో కాగితం జిరాక్స్‌కి. సంగతి విని మెడ వెనక గోక్కున్నాడు.

“క్లాంపు వేస్తే నడుస్తుందని ఆయనే అన్నాడుగా. రెండ్రోజులు సర్దుకుపో. ఉద్యోగం పక్కా అయ్యాక నీ ఇష్టం.”

“ఆ లిఫ్టులో నువ్వెక్కుతావా అన్నయ్యా?” అన్నాను.

“నాకు ఏడో అంతస్తులో పనేముంది?”

“అదీ సంగతి.”

వదిన మా ఇద్దరి మాటా విన్నట్టు లేదు. ఫోన్ తీసింది. నంబరు నొక్కింది. మిషన్ ఆపమని నాకు చేత్తో చెప్పింది. నేను ఆపాను.

“సార్, నేను. నిన్న చెప్పిన ఇరవై నాలుగు గంటలు అబద్ధం. మీ దగ్గర తొమ్మిదేళ్ళు చెప్పిన అబద్ధమే, నోటికి అంటుకుపోయి వచ్చేసింది. అది నా తప్పు, మా మెకానిక్‌ది కాదు. రికార్డు పెట్టుకోండి, ఇది కూడా రికార్డవుతుందిగా. లిఫ్ట్ శుక్రవారం కదులుతుంది. అంతదాకా ఎవరు చెప్పినా కదలదు.”

అవతలి గొంతు నాక్కూడా వినబడింది, అంత గట్టిగా అరిచాడు. ఆ అరుపు అయ్యేదాకా వదిన ఆగింది. ఆగడం ఆవిడకి బాగా తెలుసు.

“మీవాళ్ళని ముందువైపు లిఫ్ట్ ఎక్కనివ్వండి సార్. ఖాళీగానే తిరుగుతూ ఉంటుందిగా.”

“అది ఆఫీసర్లది! మెట్లున్నాయి, మెట్లెక్కుతారు. ఆలస్యమైతే వాళ్ళే సంతకం పెడతారు. ఎలా పెడతారో నీకు తెలుసుగా?”

మా వదిన మొహం నేను ఎన్నోసార్లు చూశాను గానీ, అలా ఎప్పుడూ చూడలేదు. చెంపలు ఎర్రబడ్డాయి. తొమ్మిదేళ్ళ కోపం ఒక్కసారే వస్తే అలాగే ఉంటుంది కాబోలు.

“తెలుసు” అంది. అని ఫోన్ పెట్టేసింది.

అవును, తనే పెట్టేసింది. అవతల ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు. అన్నయ్య నోరు తెరిచి చూశాడు. వదిన ఫోన్ని కాసేపు అలాగే చూసి, నా వైపు తిరిగింది.

“మా సర్వీస్ చీటీ ఒకటి ఇస్తా. రెండొందల కాపీలు కావాలి, రేపు పొద్దునకి.”

లిఫ్టుల షాపువాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ఒక చీటీ రాసిస్తారు. ఏ లిఫ్ట్, ఎందుకు ఆపారు, ఎన్నింటికి, కింద షాపు ముద్ర. దాన్ని ఎవరూ కాదనలేరు, ఒప్పందంలోనే ఉంటుంది. వదిన ఆ చీటీ కింద ఖాళీలో నా నల్ల పెన్నుతో రెండు లైన్లు చేర్చింది. ‘ఈ మనిషి ........ గంటలకి మెట్ల దగ్గర ఉన్నారు. లిఫ్ట్ ఆపింది మేము. ఆలస్యం వీరిది కాదు.’

“ఇది చేస్తే శుక్రవారం వరకు కూడా ఉండనివ్వరు నిన్ను” అన్నాడు అన్నయ్య.

“ఉండనివ్వకపోతే ఇంట్లో ఉంటాను. ఆ కుర్చీలోకి మాత్రం వెళ్ళనండీ” అంది వదిన. “మీరు వెళ్ళమన్నా వెళ్ళను. అప్పుడిచ్చిన మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఈ వారం మాటలు వెనక్కి తీసుకోవడం బాగానే అలవాటైంది.”

అన్నయ్య నా వైపు చూశాడు, నేను ఏదైనా అంటానేమోనని. నేను మిషన్ ఆన్ చేశాను.

బుధవారం పొద్దున ఏడున్నరకి మేమిద్దరం సైకిల్ స్టాండ్ పక్కన మెట్ల దగ్గరున్నాం. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. గేటు దగ్గర కాపలా మనిషి, “ఏంటమ్మా మళ్ళీ వచ్చేశావా?” అని నవ్వాడు. వదిన మెళ్ళో కొత్త కార్డు చూపించింది. “సర్వీసుకి వచ్చాను” అంది. లిఫ్ట్ తలుపు మీద స్పానర్ బాబాయ్ కట్టిన పెద్ద అట్ట, దాని మీద ‘ఎక్కరాదు’. పక్కన మడతబల్ల, చీటీల కట్ట, ముద్ర, ఇంకు డబ్బా.

ఎనిమిదింటికి షిఫ్టు. ఏడూ నలభైకి మొదటి గుంపు వచ్చింది. వదినని చూసి ఆశ్చర్యపోయారు, మెట్లని చూసి ఉసూరుమన్నారు. చీటీ అంటే భయపడ్డారు.

“ఇది చూపిస్తే ఇంకా తిడతాడేమో అక్కా” అంది ఒకామె.

“తిట్టనీ. సంతకం మాత్రం పెట్టకండి. ఆయన కాగితం ముందు పెడితే మీరు ఈ కాగితం ముందు పెట్టండి. ఏదైనా అడగాలంటే కింద నా నంబరుంది, నాకు చెయ్యమనండి.”

ఆ మొదటామె తీసుకుంది. ఆమె తీసుకుందని వెనకామె తీసుకుంది. ఆ తర్వాత ఇక వరసే. ఇరుకు మెట్లు, ఏడంతస్తులు, ఒకరి వెనక ఒకరు. వదిన టైము చూసి రాస్తోంది, ముద్ర వేస్తోంది, ఇస్తోంది. నేను కాగితాలు తుంపి అందిస్తున్నాను. మా వదిన చేతిరాత ఇంత ఘోరమని నాకు అంతకుముందు తెలియదు.

ఆ వరసలోనే ఆ రోజు లిఫ్టులో ఏడ్చిన అమ్మాయి వచ్చింది. ఇప్పుడు నిండుగా ఏడు నెలలు దాటిన పొట్ట. మెట్ల వైపు చూసి రెయిలింగు పట్టుకుంది. వదిన పెన్ను కింద పెట్టింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని భవనం చుట్టూ నడిపించి, ముందువైపు అద్దాల లిఫ్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది. లిఫ్టుల షాపువాళ్ళ సర్వీస్ తాళంచెవి పెట్టి తలుపు తీసింది. అక్కడి కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు.

“మేడమ్, ఇది ఆఫీసర్ల లిఫ్ట్!”

“పరీక్ష చెయ్యాలి. బరువు ఎక్కించి చూడాలి” అంది వదిన. “ఇదిగో, బరువు.”

అమ్మాయి నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది. లిఫ్ట్ చప్పుడు లేకుండా పైకి వెళ్ళింది.

మేం తిరిగి వచ్చేసరికి మడతబల్ల దగ్గర పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయన ఒక చీటీ తీసి, దూరంగా పట్టుకుని, కింది రెండు లైన్లూ చదివాడు. మళ్ళీ చదివాడు. వరసలో జనం ఎదురుచూస్తున్నారు. పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చుని, ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. “నువ్వు టైము రాయి. ఇది నేను వేస్తా. నువ్వు వంకరగా వేస్తున్నావ్” అన్నాడు.

ఎనిమిదీ పదికి వరస అయిపోయింది. అప్పుడొచ్చాడు గడియారం. మేం ఆ పిల్లని పంపి వచ్చేశాక ముందువైపు లిఫ్ట్ దగ్గరికి చేరాడట, ఇంతసేపూ అక్కడే ఉన్నాడట. కాపలా మనిషిని బతిమాలి, కసిరి, పైవాళ్ళకి ఫోన్ చేసి. పైవాళ్ళు ఫోన్ తియ్యలేదు. తొమ్మిదేళ్ళు అందరి నిమిషాలూ లెక్కపెట్టినందుకు ఆ అద్దాల లిఫ్ట్ కార్డు ఆయనకి కూడా ఇవ్వలేదని నాకు అప్పుడే తెలిసింది.

“ఎవరిచ్చారు నీకు ఈ అధికారం?” అని వదిన మీదికొచ్చాడు. “ఈ చీటీలేంటి? నీ ఉద్యోగం ఊడపీకిస్తా!”

“ఆ ఉద్యోగం ఇచ్చింది నేను బాబూ” అన్నాడు పెద్దాయన, ముద్ర ఇంకులో అద్దుతూ. “శుక్రవారం దాకా పరీక్ష అనుకున్నాం. ఇవాళే అయిపోయింది. ఈవిడ మా మనిషి. మా పని మీకు వద్దంటే వేరేవాళ్ళని పిలిపించుకోండి. ఎవరొచ్చినా ముందు ఆ తాడుకి గుడ్డ పెట్టి చూడమనండి.”

వదిన కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఆవిడ వాటిని తుడుచుకోలేదు, అలాగే గడియారం వైపు చూసింది. నేనైతే ఆ క్షణాన వందమాటలు అనేదాన్ని. తొమ్మిదేళ్ళవీ కలిపి అనేదాన్ని. ఆవిడ చీటీల కట్టలోంచి ఒకటి తీసింది.

“ఎన్నింటికి వచ్చారు సార్ మెట్ల దగ్గరికి?”

ఆవిడే ఫోన్లో టైము చూసి రాసింది. ఎనిమిదీ పదమూడు. పెద్దాయన ముద్ర వేశాడు, నిటారుగా. వదిన చీటీ చాపింది. ఆయన చేతిలో ఫోన్ మోగడం మొదలైంది. పైనుంచి, ఆయన పైవాళ్ళు. ఎనిమిదిన్నర కాకముందే ఎవరో ఆయన నిమిషాలు లెక్కపెడుతున్నారు. ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

నన్నడిగితే ఆ చీటీ ఆయనకి ఇవ్వకూడదు. ఇప్పటికీ నేను అదే అంటాను. వదిన మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆయన చీటీ తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మూడో అంతస్తు మలుపులో ఆయాసపడుతూ ఆగి, జేబులో ఆ కాగితం ఉందో లేదో తడిమి చూసుకోవడం మెట్ల సందులోంచి నాకు కనిపించింది.